పద్దెనిమిదో నియమం

రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో అక్కా తమ్ముడూ కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. నడవలేనివాళ్ళకు చక్రాల కుర్చీలు ఉచితంగా ఇచ్చే సంఘం పెడుతున్నారు. పోయినేడాది చనిపోయిన తల్లి కుర్చీయే దాని మొదటి ఆస్తి.

“ఈ పద్దెనిమిదో నియమం ఏంటక్కా? సంఘం ఇంకా పుట్టనేలేదు, అప్పుడే మూసేస్తే ఏం చెయ్యాలో రాశారు!”

“రాయాలట్రా. మూతపడితే సామానంతా ఇలాంటి మరో సంఘానికే పోవాలి. మనమెవరమూ ఇంటికి తెచ్చుకోకూడదు.”

“అమ్మ కుర్చీ కూడానా?”

“అదీ అంతే. నువ్వు సంతకం పెట్టాక ఇక అది మనది కాదు.”

“వాడుకోడానికి ఇద్దామన్నావు గానీ, ఇచ్చేద్దామనలేదుగా! పిడికి అమ్మ చుట్టుకున్న గుడ్డ ఇంకా అలాగే ఉంది.”

“నాకు మాత్రం తెలీదా? నిన్న ఒక్కదాన్నే అందులో కూర్చుని ఏడ్చేశాను.”

“నన్ను పిలవలేదే?”

“పిలిస్తే నువ్వూ కూర్చునేవాడివి. నీ బరువుకి సంఘం ఆస్తి అక్కడే విరిగేది.”

“నవ్వించకు. పొద్దున ఫోన్ చేసిందెవరు?”

“బట్టలు కుట్టే ఆవిడ. వాళ్ళాయన ఆర్నెల్లుగా మంచం దిగలేదట. ఇంకా రిజిస్ట్రేషనే కాలేదమ్మా అంటే, ‘ఎన్నాళ్ళయినా ఆగుతాం, మా పేరు ముందు రాసుకోండి’ అంది.”

తమ్ముడు కాగితాలు తన వైపు లాక్కున్నాడు.

“ఏడుగురు సభ్యుల్లో నా సంతకమొక్కటేగా మిగిలింది? ఎక్కడ పెట్టాలి?”

“ఇక్కడ. కళ్ళు తుడుచుకో ముందు. కాగితం తడిస్తే మళ్ళీ టైపు చేయించాలి.”

“సరే, పెట్టేశాను. ఆవిడకి ఫోన్ చెయ్యి. వాళ్ళ గుమ్మం వెడల్పెంతో కొలిచి చెప్పమను.”