ఏనుగు తొండం కింద పిల్ల

సామ్రాజ్యమని ఒకావిడకి ఒక్కతే కూతురంట. పెళ్ళైన తొమ్మిదేళ్ళకి పుట్టింది, తర్వాత ఇంకో కాన్పు లేదు, దాంతో ఆ పిల్లంటే ప్రాణం అనుకో. పిల్ల పేరు శ్రావ్య, ఏడు నిండి ఎనిమిదో ఏడు. మొగుడు ఏడుకొండలు ట్రాక్టరు తోల్తాడు. సామ్రాజ్యం మనలాగే, ఇదిగో ఇట్టాగే, పొద్దస్తమానం కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీసే పని. ఆ బస్తా కాస్త ఇటు నెట్టమ్మా, చేతులు ఖాళీగా ఉంటే నాకు మాట రాదు. ఆ. ఏమైందంటే, సంక్రాంతి సెలవులొచ్చినయ్. పిల్లని ఏం చెయ్యాల? ఈ ఘాటులోకి తీసుకురాలేదు. ఇంటికాడ అత్త ఆదెమ్మ ఉంది గానీ ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, ఉరికే పిల్లని పట్టుకోలేదు. అందుకని ఏం చేసిందంటే, ఫోన్లో బొమ్మలొస్తయ్యి చూడండి, నెలకింతని కడితే, అది పెట్టించింది. పిల్ల కదలకుండా కూర్చుంది. బాగుంది. మొదటి నెల టీ నీళ్ళ ఖర్చంట. రెండో నెల పెంచారు. పోనీలే అని కట్టింది. మూడో నెల మళ్ళీ పెంచారు, పెంచి ఊరుకున్నారా, బొమ్మ పరిగెత్తతా ఉంటే మధ్యలో సబ్బులమ్ముకోడానికొచ్చేది, సబ్బులు రాకూడదంటే ఇంకా కట్టమనేది. అమ్మమ్మోళ్ళ ఊరెళ్తే అక్కడ చూడటానికి లేదంట, ఈ ఇంట్లోనే చూడాలంట. డబ్బిచ్చి కొనుక్కున్నదానికి ఇల్లెక్కడో కూడా వాళ్ళే చెప్తారు! సామ్రాజ్యానికి ఒళ్ళు మండి తీసేసింది.

తీసేసిందా, పిల్ల బువ్వ మానేసింది. ఒక పూట కాదు, రెండు పూటలు కాదు, రెండ్రోజులు. నీళ్ళు తాగి గోడకి తిరిగి పొణుకుంటది. తల్లికి గుండె జారిపోయింది. ఏడుస్తా ఏడుస్తా, పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి, "తినవే నా తల్లీ, ఆ బొమ్మలెందుకు నీకు, నీ మీదొట్టు, హైవే పక్కన నీళ్ళ పార్కు పెట్టారే, జారుడుబండలూ అయ్యీ, అక్కడికి తీసుకుపోతా నిన్ను" అంది. పిల్ల టక్కున లేచి కూర్చుని బువ్వ తినింది. మంచం మీదున్న ఆదెమ్మ విని నోరు నొక్కుకుంది. "ఏమే సామ్రాజ్యం, నీకు మతుండే అన్నావా? పెడితే నా మీద పెట్టుకో ఒట్టు, చావబోయేదాన్ని. పసిదాని నెత్తి మీద పెడతావా? రేపు తీర్చకపోతే తగిలేది ఎవరికే?" అప్పటిదాకా సామ్రాజ్యానికి ఆ ఆలోచనే లేదు. చెయ్యి తీసి చూసుకుందంట, ఆ చేత్తో ఏం చేశానురా దేవుడా అని. అప్పట్నించి పట్టుకుంది దిగులు.

ఏడుకొండలు లోడేసుకుని హైవే మీద పోతా పోతా పార్కు గేటు కాడ ట్రాక్టరాపి అడిగొచ్చాడు. వొచ్చి ఏం చెప్పాడంటే, పెద్దోళ్ళకి ఎనిమిదొందలు, పిల్లలకి సగం. పిల్లలంటే వయసు లెక్క కాదంట. గేటు కాడ ఏనుగు బొమ్మ పెట్టారంట సిమెంటుది. దాని తొండం ఇట్టా చాపి ఉంటదంట, అడ్డగర్రలాగా. తొండానికి నెత్తి తగలకుండా కిందనించి పోయేవాళ్ళు పిల్లలు. తగిలితే పెద్దోళ్ళ కిందే లెక్క, మూతికి పాలు కారుతున్నా సరే. "నేను దాని పక్కనే నుంచుని చూశానే," అన్నాడు, "సరిగ్గా నా చొక్కా మూడో గుండీ కాడికొచ్చింది తొండం." సరేనని పిల్లని పిలిచి చొక్కాకి ఆనించి నిలబెట్టారు. మూడో గుండీకి రెండు వేళ్ళ కిందికుంది నెత్తి. హమ్మయ్య అనుకున్నారు ముగ్గురూ.

అనుకున్నారు గానీ, సామ్రాజ్యం రోజూ ఒక గంట ఎక్కువ కూర్చుని, ఇంకో అరబస్తా ఎక్కువ తీసి, ముగ్గురికీ సరిపడా చేసుకునేసరికి పార్కు రేటు తొమ్మిదొందలైంది. సరే ఇంకొంచెం చేద్దాం అనుకునేసరికి శని ఆదివారాలు వేరే రేటన్నారు. సెలవుల రేటని ఇంకోటి. వరసలో నిలబడకుండా ఎక్కాలంటే దానికో టికెట్టంట, అంటే డబ్బున్నోళ్ళకి ఎండ కూడా తగలదన్నమాట. చివరికి ఏడుకొండలే అన్నాడు, "నాకెందుకే ఆ నీళ్ళాటలు, నేను బయట కూర్చుంటా, మీరిద్దరూ పోండి" అని. ముగ్గురికని చేసిన డబ్బు ఇద్దరికే సరిపోయింది. అదన్నా ఉంటే బాగుండు. ఇక్కడ పిల్ల చూస్తే పెరుగుతా ఉంది! నవ్వమాకు సుగుణా, నీకు నవ్వులాటగా ఉంది, ఆ తల్లికి చూడు. పొద్దున్నే ఏడుకొండలు చొక్కా వేసుకోగానే పిల్లని ఆనించి చూడటం, వేలున్నర, వేలుకి కొంచెం ఎక్కువ, వేలు. నీళ్ళకాడ అమ్మలక్కలు "నీ కూతురు భలే సాగిందే" అంటే ఏ తల్లన్నా మురుసుద్ది, దిష్టి తీసుద్ది. ఈవిడ పిల్లని రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయేది. తొండం దాటిందంటే పిల్లక్కూడా పెద్ద టికెట్టు, అది తన వల్ల అయ్యేది కాదు, కాకపోతే ఒట్టు పిల్ల నెత్తినే ఉంటది. రోజూ పెట్టే కోడిగుడ్డు మానేసింది. "ఎండల్లో వేడి చేసుద్దిలే తల్లీ" అంది. అని, ఆ గుడ్డు ఎవరికీ పెట్టలేక, తను తినలేక, దొడ్లో కుక్కకేసింది. 

ఇక అప్పుడు చేసింది చెయ్యకూడని పని. మజ్జానం బువ్వకని ఇంటికొచ్చింది. పిల్ల వాకిట్లో చాప మీద నిద్రపోతా ఉంది, కాళ్ళు చాపుకుని. చాప చివరనించి పాదాలు బయటికొచ్చేసినయ్. మొన్నమొన్నటిదాకా సరిపోయిన చాపేగా! ఆ పాదాలు చూసింది. అటూ ఇటూ చూసింది. ఆదెమ్మ లోపల గురకపెడతా ఉంది. మీకందరికీ తెలుసుగా, పొణుకున్న పిల్లని దాటితే ఎదుగు ఆగిపోద్ది. ఎవరన్నా పొరపాటున దాటితే కేకలేసి వెనక్కి దాటిస్తాం. దాటినోళ్ళే దాటాల మళ్ళీ, ఇంకోళ్ళు దాటితే పోదు. సామ్రాజ్యం చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, కుడికాలు ఎత్తి, పిల్లని దాటింది. "ఒక్క నెల తల్లీ, ఒక్క నెల ఆగు, పార్కుకి పోయొచ్చినాక నేనే వెనక్కి దాటుతా" అని లోపల అనుకుంది. ఇక అటే పోయి దొడ్డిదారిన చుట్టుకుని పనికొచ్చేసింది, బువ్వ కూడా తినలా. ఆ రోజు తొడిమలు తీస్తా తీస్తా చేతులు కళ్ళకి పెట్టుకుంది, ఎందుకమ్మా ఏడుస్తన్నావంటే కారం పడిందంది.

ఏమైందంటే, ఎదుగు ఆగిపోయింది! తెల్లారి చూస్తే వేలు. వారానికి చూస్తే అదే వేలు. పది రోజులైంది, అదే వేలు. ఏడుకొండలేమో "భలే ఆగిందే, మన అదృష్టం" అని సంబరపడతా ఉన్నాడు. పిల్లేమో ఆ మధ్యనించి గౌన్లు వొద్దని పేచీ, పండక్కి కుట్టించిన లంగానే వేసుకుంటా అంటది, వేసుకోనిచ్చారు. సామ్రాజ్యానికి మాత్రం రోజు రోజుకీ పై ప్రాణం పైనే పోతా ఉంది. ఇన్నాళ్ళూ గుండీకి ఎక్కడ తగులుద్దోనని భయం, ఇప్పుడు ఇక ఎప్పటికీ తగలదేమోనని భయం. పక్కింటి పిల్ల, శ్రావ్య కన్నా ఏడాది చిన్నది, ఆడుకోడానికొచ్చి పక్కన నుంచుంటే ఇద్దరూ సమానంగా ఉన్నారు. "ఇదేందే, దీనికి ఎదుగు లేదేంది?" అంది ఆదెమ్మ. అని ఇంట్లో అందరి మొహాలూ చూసింది. "ఎవరన్నా దాటారా పిల్లని?" సామ్రాజ్యం చేతిలో చెంబు జారి పడింది. "ఎవరు దాటుతారత్తా, మనింట్లో" అంది. ఆదెమ్మ నమ్మలా. ఆ పూటనించి పిల్లని నేల మీద పొణుకోనియ్యలా, తన నులక మంచం మీద తన పక్కనే పొణుకోబెట్టుకుంది. పోయిందా ఇక! సామ్రాజ్యం పార్కు సంగతి వదిలేసి ఇయ్యాలే వెనక్కి దాటేద్దామనుకుంది గానీ, మంచం మీదున్న పిల్లని ఎట్టా దాటుద్ది? మజ్జానం మజ్జానం పనిలోంచి ఉరుకుతా వొచ్చేది, మంచం చుట్టూ తిరిగేది, పోయేది. "ఎందుకే పిల్లిలా తిరుగుతావు" అని ఆదెమ్మ అరిచేది. అత్తకి నిజం చెప్పచ్చుగా అంటావా? నువ్వు చెప్తావా, నా కూతుర్ని నేనే దాటానని, మీ అత్తకి? ఆ, అదీ మరి.

చివరికి మంగళవారం, రేటు తక్కువ రోజని, బస్సెక్కి పోయారు ముగ్గురూ. పులిహోర కట్టుకుంది. పోయేటప్పటికి గేటు కాడ బోర్డు మీద పాత అంకె మీద కొత్త కాయితం అంటించి ఉందంట, జిగురు కూడా ఆరలా. పెద్దోళ్ళకి పన్నెండొందలు. సామ్రాజ్యం కొంగు ముడి విప్పి చూసుకుంది. ఒక పెద్ద టికెట్టు, ఒక సగం టికెట్టు, పైన బస్సు చార్జీలు. అంతే. చిల్లర కూడా మిగల్దు. పిల్లకేమీ పట్టలా, లోపలినించి కేకలూ నవ్వులూ నీళ్ళు పడే చప్పుడూ వొస్తంటే దాని మొహం వెలిగిపోతా ఉంది. ఏనుగు కాడ టోపీ పెట్టుకున్న ఒకాయన నుంచుని ఉన్నాడు, "రామ్మా, తొండం కిందనించి రా" అన్నాడు. శ్రావ్య పోయింది. తొండానికీ నెత్తికీ మధ్య వేలు సందుంది. "సగం టికెట్టు" అని ఆయన చీటీ రాయబోయాడు. అప్పుడు చూసింది సామ్రాజ్యం. పిల్ల నెత్తి వంక కాదు, కాళ్ళ వంక. లంగా అంచు నేల మీద కుప్పగా పడి ఉంది. ఇంట్లో అది చీలమండల పైకుంటది. ఇదేంది, లంగా పెరిగిందా? చూస్తే, లంగాలోపల పిల్ల మోకాళ్ళు వొంచి నుంచుంది. ఇరవై రోజులనించి పొద్దున్నే అట్టాగే నుంచుంటా ఉంది తండ్రి చొక్కా కాడ! పక్కింటి పిల్ల పక్కన కూడా అట్టాగే. అందరి చూపూ గుండీ మీదే, కాళ్ళ వంక చూసినోళ్ళేరీ? టికెట్ల మాటలన్నీ ఆ పిల్ల వింటానే ఉంది, తెలియదనుకున్నది వీళ్ళు.

సామ్రాజ్యానికి చీటీ కనపళ్ళా, పార్కు కనపళ్ళా. ఆ మోకాళ్ళు వొణుకుతున్నయ్యంట, సన్నగా. బరువు మోసే కూలోళ్ళకి వొణికినట్టు, ఎనిమిదేళ్ళ పిల్లకి. "శ్రావ్యా, సరిగ్గా నుంచో" అంది. పిల్ల కళ్ళతోనే బతిమాలింది, "అమ్మా, ఊరుకో" అని పెదాలు కదిపింది. టోపీ ఆయన చూసీ చూడనట్టు ఉన్నాడు, ఊరుకుంటే అయిపోయేది. ఊరుకోలా. పోయి రెండు చంకల కింద చేతులేసి పిల్లని పైకి లేపి నిలబెట్టింది. ఠప్పున తగిలింది నెత్తి తొండానికి. తగలడమేంది, మోకాళ్ళు పూర్తిగా చాపకముందే తగిలింది! అంత పెరిగింది. "పెరిగావే, నువ్వు ఆగలేదే, పెరిగావే" అని ఆ తల్లి పిల్లని పట్టుకుని ఒకటే ఏడుపు. టోపీ ఆయన బిత్తరపోయి, "అయితే పెద్ద టికెట్టేనమ్మా" అన్నాడు. రెండు పెద్ద టికెట్లకి డబ్బెక్కడిది? పిల్లని ఒక్కదాన్ని పంపుతారా అంటే పంపరంట. వెనక్కి తిరిగారు. పిల్ల తల్లిని పిడిగుద్దులు గుద్దింది. "ఎందుకు లేపావు నన్ను! నాకు కాళ్ళు ఎంత నొప్పులు పుట్టినయ్యో తెలుసా నీకు! ఎందుకు లేపావు!" గుద్దించుకుంది.

పార్కు గోడ పక్కన బస్సాగే చోట తువ్వాలు పరుచుకుని కూర్చున్నారు. పులిహోర పెడితే పిల్ల తినలా మొదట, తర్వాత రెండు ముద్దలు తిని, ఏడ్చి ఏడ్చి ఆ తువ్వాలు మీదే నిద్రపోయింది. గోడ అవతల పిల్లోళ్ళు కేకలేస్తానే ఉన్నారు. అప్పుడు సామ్రాజ్యం లేచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, అంతమంది బస్సుకోసం నిలబడి చూస్తంటే, పిల్లని ఇటునించి అటు దాటింది. "ఏం చేస్తన్నావే నువ్వు?" అని ఏడుకొండలు లేచాడు. చెప్పింది. గుడ్డు సంగతి, చాప సంగతి, అంతా చెప్పింది, మొగుడు కొడితే కొట్టనీ అనుకుని. అతను కొట్టలా. పిల్ల మోకాళ్ళు నొక్కుతా, "పెరిగిందిగా ఎట్టాగూ, మళ్ళీ ఎందుకు దాటావు?" అన్నాడు. "ఏమో, నేను దాటింది నిజమేగా" అంది. "మరి ఒట్టో?" అన్నాడు. "ఒట్టు తీరుస్తా. రెండు పెద్ద టికెట్లకి చేసుకునే వొస్తా. అది ఎంత పొడుగన్నా కానీ" అంది. అప్పటినించి రోజూ గుడ్డు పెడతా ఉందంట పిల్లకి, ఒక్కోరోజు రెండు.

అదమ్మా సంగతి. ఒట్టు తీరిందా అంటే, నాకు తెలిసి ఇంకా తీరలా. పిల్ల తండ్రి రెండో గుండీ కాడికొచ్చిందని విన్నా. పార్కు రేటంటారా, దాన్ని ఇంతవరకూ ఎవరూ దాటలేదు కదా, అదీ పెరుగుతానే ఉందంట. పట్టండి పట్టండి, మేస్త్రీ వొస్తన్నాడు, నా బస్తాలో సగం కూడా కాలా.