ఎముకల గడి రాణికి ఏమైంది?

అచ్చంపేట దాటినంక, అడవి అంచున ఒక ఊరి గ్రంథాలయం. బుష్రాకు అక్కడ కొలువు దొరికి ఏడాది. ఇంకా పర్మినెంటు కాలేదు. తెల్లారితే తనిఖీ. అటెండరు కిష్టయ్యకు పనులు చెప్తున్నది.

"యాది పెట్టుకో కిష్టన్నా. ఫ్యాను రెక్కల బూజు దులపాలె. పాత పేపర్ల ఎనక పిల్లి ఈనింది, దాన్ని పిల్లలతో సహా మర్యాదగ అవతలికి పంపాలె. పోటీపరీక్షల పుస్తకాలు ముందు ర్యాకుల పేర్చాలె. కుంటి బెంచి కాలుకింద ఇటుకపెళ్ల పెట్టాలె. ఆఖరిది, దయ్యాల పుస్తకాలన్ని మీ ఇంటికి తీస్కపోవాలె."

"మా ఇంటికా! బుష్రమ్మా, నా పెండ్లాం నన్నే సక్కగ రానియ్యదు, దయ్యాలను రానిస్తదా?"

"ఒక్క దినమే అన్నా. జిల్లా నుంచి పెద్దసారు వచ్చి పోయేదాంక. ఆయన ఆఖరి పేజీ తిప్పిండనుకో, నా కొలువు పాయె. సర్కారు పుస్తకంల సొంతంగ కథ రాసిన లైబ్రేరియన్ ఈ భూమ్మీద నేనొక్కదాన్నే ఉంట."

"చెదలు తింటె నువ్వేం జేస్తవ్ బిడ్డా? గోడకు ఆనిచ్చి పెట్టినయన్నిటికి ఎనక పేజీలు నున్నగ నాకిపోయినయ్. నువ్వు రాయకపోతే ఎవలు ముడతరు వాటిని?"

"గదే గద. సగం కథ ఇచ్చి పూరా జీతం తీసుకునుడు హరాం అన్నడు మా అబ్బా. మా ఇంట్ల డిగ్రీ దాంక సదివింది నేనొక్కదాన్నే. నాకు తోచినట్టు రాసిన."

"నర్సింగమ్మవ్వ యాదికున్నదా? 'బాయిల దయ్యం ఏమైందో చెప్పకపోతే ఈడికెల్లి లేవ' అని కుంటి బెంచి మీద కూసుంటె..."

"లోపటికి రావచ్చా బిడ్డా?"

"రండి సార్, రండి. ఎవరు కావాలె?"

"మనుషులెవరొద్దు. దయ్యాల పుస్తకాలున్నయా? మంచిగ భయపెట్టేటియి."

"...ఒక్క నిమిషం సార్. కిష్టన్నా, జర ఇటు రా. మెల్లగ మాట్లాడు. ఎవరీయన?"

"ఎవరేంది, పెద్దసారే! జేబుల సూడు, రెండు పెన్నులు. రెండు పెన్నులున్నోడు ఆఫీసరే. ఒకటి రాయనీకి, ఇంకొకటి కొట్టేయనీకి. ఒకరోజు ముందుగాల్నే దొంగసాటుగ దిగిండు."

"యా అల్లా! పిల్లి ఇంకా ఈడనే ఉన్నది."

"నేను ఛాయ పట్టుకొస్త, అల్లం ఏయించి. నువ్వు మాటలల్ల పెట్టు."

"ఏంది బిడ్డా గుసగుసలు? లేవా పుస్తకాలు?"

"ఉన్నయి సార్. అంటే లేవు. అంటే ఉన్నయి గాని, పోటీపరీక్షల పుస్తకాలు కొత్తయి వచ్చినయ్, జర సూస్తరా?"

"నా నెత్తి సూడు, పూరా తెల్లవడ్డది. ఏ పరీక్షకు పోవాలె నేను?"

"మరి మిరపతోట తెగుళ్ల మీద ఒకటున్నది. అది గూడ భయమే సార్."

"తెగులు కాదమ్మా, దయ్యం. నేను మక్తల్ నుంచి వచ్చిన. ఈ లైబ్రరీల దయ్యాల పుస్తకాలకు మస్తు గిరాకి ఉన్నదని బస్సుల ముచ్చట పెట్టుకుంటుంటె ఇన్న. గంత మజా ఏమున్నదో సూద్దామని. కొత్తగ సదివెటోడు ఏది పట్టుకోవాలె?"

"కొత్తగంటే... కారం తక్కువది పట్టుకోవాలె సార్. 'పడమటి బాయి పిలుపు' మంచిది. బాయిల దయ్యం ఉంటది. పేరు పెట్టి పిలుస్తది, పలికినోడు మునుగుతడు. సగం దాంక ఒక్కరే సదువొచ్చు. సగం దాటినంక పక్కన ఎవరన్న ఉండాలె, లేకుంటె నీళ్ల బిందె చప్పుడైనా ఉలిక్కిపడ్తరు."

"ఆఖరికి ఏమైతది?"

"ఆఖరా? ఆఖరెందుకు సార్, ముందుగాల మొదలు సదువుండ్రి."

"గుండె జర బలహీనం బిడ్డా. ముందే తెల్సుకుంటె నిబ్బరంగ సదువుత."

"ఆఖరికి... ఇంటింటికి నల్లా నీళ్లొస్తయి సార్."

"ఏమొస్తయి?"

"నల్లా నీళ్లు. ఇగ బాయికి ఎవరూ పోరు. దయ్యానికి పిలువనీకి మనుషులు దొరకరు. తట్టాబుట్టా సర్దుకొని..."

"సర్దుకొని?"

"...మక్తల్ బస్టాండుకు పోతది."

"మా మక్తల్‌కా!"

"పిలిచే పని తెలిసిన దయ్యం గద సార్. మైకుల ఊర్ల పేర్లు పిలిచే కొలువు దొరుకుతది. పలికినోళ్లు బస్సెక్కుతరు, ఎవరూ మునుగరు."

"ఈ పుస్తకం ఎప్పుడు అచ్చయింది?"

"ఎనభై మూడుల."

"ఎనభై మూడుల ఇంటింటికి నల్లా ఎక్కడిది బిడ్డా?"

"రాసినాయనకు... ముందుచూపు ఎక్కువ సార్."

"ఊఁ. రాజులు, మాంత్రికులు, చీకటి లోకాలు, గసుంటియి లేవా?"

"ఎందుకు లేవు! 'ఏడు చీకట్ల రాజ్యం.' మాంత్రికుడు సూర్యున్ని సందుగల పెట్టి తాళం ఏస్తడు. ఏడు రాజ్యాలు చీకటైపోతయి. మనుషులు ఒకరి నీడ ఒకరు తినుకుంట బతుకుతరు. భాష జర గట్టిగుంటది గాని, నీడల సంత దాంక పోయినోళ్లు మళ్ల కింద పెట్టరు."

"తాళం ఎవరు తీస్తరు? రాకుమారుడా?"

"కాదు సార్. మాంత్రికుని తల్లి వస్తది. 'కొడుకా, వడియాలు పెట్టిన, ఎండ కావాలె, సూర్యున్ని ఇయ్యి' అంటది."

"ఇస్తడా?"

"తల్లి గద సార్."

"ఛాయ తీస్కోండ్రి సార్. అల్లం ఏయించిన. బూజు ఇయ్యాల్టిదే సార్, నిన్న లేదు. పిల్లి మాది కాదు."

"నేనేం అడగలే గదయ్యా."

"మీరు అడగరు సార్. అది మీ పెద్దతనం."

"కిష్టన్నా, నువ్వు జర ఊకో."

"ఒక్కటి అడుగుత బిడ్డా. నీ దగ్గర 'ఎముకల గడి' ఉన్నదా?"

"...లేదు సార్."

"మరి నీ దస్తీ కింద ఉన్నదేంది?"

"ఇదా? ఇది కొత్తోళ్లకు కాదు సార్. అన్నిట్ల ఇదే భయంకరం. దొర కోట లెక్కుండే తన గడి గోడలల్ల మనుషుల ఎముకలు పెట్టి కట్టిస్తడు. పొద్దుగూకితే గోడలు మాట్లాడుతయి. గడిలకు పెండ్లై వచ్చిన పిల్లకు ఒక్కదానికే ఆ మాటలు ఇనబడ్తయి. రాణి ఆమె పేరు. ఇది సదివినంక నేను గోడకు వీపు ఆనిచ్చి కూసునుడే బందువెట్టిన."

"గంత భయమైతె ఎందుకు సదివినవ్?"

"రాణి కోసం సార్. భయపెట్టుడు అందరు భయపెడ్తరు. ఈయన ఆ పిల్లను ఎట్ల రాసిండంటె, ఆమెకు దెబ్బ తగిలితె మనం చెయ్యి రుద్దుకుంటం. గిప్పుడు చెప్తుంటె గూడ సూడుండ్రి, రోమాలు లేసినయ్."

"ఇటియ్యి."

"వద్దు సార్. మీ గుండె..."

"గుండె సంగతి నేను సూసుకుంట. ఇటియ్యి."

"...కిష్టన్నా, సక్క ఆఖరి పేజీకే పోయిండు. ఏం జేద్దాం?"

"ఛాయ ఒంపాల్నా?"

"సర్కారు పుస్తకం మీదనా!"

"కాదు, సారు మీద."

"'రాణి గోడకు చెవి ఆనించింది. మీకేం కావాలి అని అడిగింది. మా పేర్లు కావాలి, మమ్మల్ని అందరూ ఎముకలనే అంటున్నారు, అన్నది గోడ. రాణి పొయ్యిలో బొగ్గు తీసుకుని, వాళ్లు చెప్పిన పేర్లన్నీ గోడ మీద రాసింది. చివరి పేరు రాయగానే గడి తలుపు దానంతటదే తెరుచుకుంది. బయట ఎండ. అచ్చంపేట బస్సు వచ్చింది. రాణికి కిటికీ పక్కన సీటు దొరికింది.' ...ఇది అచ్చు కాదు. చేతిరాత."

"నాదే సార్. ఈ పుస్తకాలన్నిటి ఆఖరు నేనే రాసిన. చెదలు తిన్నయ్. ఇంకొక కాపీ కోసం ఎక్కడెక్కడనో అడిగిన, దొరకలే. అసలు రాణికి ఏమైందో నాకు తెల్వదు. గాని ఆ పిల్లను గోడల నడుమ ఇడిచిపెట్టి నేను ఇంటికి పోయి బువ్వ ఎట్ల తినాలె? నన్ను తీసేస్తె తీసెయ్యుండ్రి సార్. ఆ పేజీ మాత్రం కొట్టేయకుండ్రి."

"పిల్ల మంచిది సార్. సర్కారు కాయితం గూడ ముట్టలే. అంత సొంత కాయితమే."

"తీసేసుడేంది? నేనెవరనుకున్నరు మీరు?"

"పెద్దసారు గద! తనిఖీకి వచ్చిండ్రు."

"నేను పెద్దసార్ను కాదు, చిన్నసార్ను కాదు. మక్తల్ల నాకు ఇంత జొన్నచేను ఉన్నది, గంతే."

"మరి రెండు పెన్నులెందుకు సార్?"

"ఒకటి రాయనీకి, ఒకటి కొట్టేయనీకి."

"సూసినవా బుష్రమ్మా, నేనదే చెప్పిన! ...అయితే ఆ అల్లం ఛాయ ఉత్తగ పోయినట్టేనా?"

"కిష్టన్నా! సార్, మీకు పుస్తకం కావాలంటె పేరు చెప్పుండ్రి, రాసుకొని ఇస్త."

"పేరు అట్ట మీదనే ఉన్నది బిడ్డా."

"అట్ట మీద 'ప్రేమ్‌సాగర్' అని... యా అల్లా! కిష్టన్నా, సార్కు కుర్సీ ఏయి. కుంటిది కాదు, మంచిది!"

"నా ఇంట్ల గూడ లేదు ఇది. చేతిల పట్టుకొని ఎన్నేండ్లయిందో."

"సార్, రాణికి ఏమైంది? నిజంగ?"

"సంపిన. గోడ ఆమెను లోపటికి గుంజుకుంటది. కథ అయిపోతది. సదివినోళ్లందరు శభాష్ అన్నరు, ఒక్కరు తప్ప."

"ఎవరు సార్?"

"నా పెండ్లాం. అచ్చుకు పంపేముందు సదివి, 'గా పిల్ల నిన్నేం జేసిందయ్యా, ఇడిచిపెట్టరాదు' అన్నది. భయం కథ గట్లనే ఉండాలె, నీకేం తెల్వదన్న. ఇగ బతికినన్ని రోజులు నాకు బువ్వ పెట్టినప్పుడల్ల ఒకటే మాట, 'రాణి బయటికి వచ్చిందా?' అని. పోయిన కార్తీకంల పోయింది. నిన్న మా దిక్కు బస్సుల మీ ఊరి పిల్ల ఎవరో పక్కామెకు చెప్తున్నది, రాణికి కిటికీ పక్కన సీటు దొరికిందని. నమ్మలే. గందుకే వచ్చిన."

"మాఫ్ చెయ్యుండ్రి సార్. మీ కథను నేను..."

"మాఫ్ ఏంది? పేజీ ఇటు తిప్పు, నా పెన్నుతోని రాస్త: 'ఈ కథకు ఇదే ముగింపు. ప్రేమ్‌సాగర్.' ఇగ ఏ పెద్దసారు వచ్చి కొట్టేస్తడో కొట్టేయమను."

"సార్, సార్, బాయి దయ్యం మీద గూడ ఒక సంతకం గీకుండ్రి! వడియాల తల్లి మీద గూడ!"

"అవి నేను రాసినయి కాదు కిష్టయ్యా. దయ్యం సంతకం మక్తల్ బస్టాండ్ల అడుగు."

"అయితే రేపటిదాంక ఆ రెండిటిని నేనే తీస్కపోత. మా పెండ్లాంకు వడియాల ముచ్చట చెప్తె రానిస్తదేమో."

"సార్, సంతకం కింద ఇంకా జాగా ఉన్నది. ఇంకేమన్న రాస్తరా?"

"నీ రాతే మంచిగున్నది, నువ్వే రాయి బిడ్డా: 'సదివినోళ్లారా, రాణిని బతికియ్యమని ముందుగాల అడిగింది గోపమ్మ. ఆమెను జర యాది పెట్టుకోండ్రి.'"