చెక్‌పోస్టు దగ్గర తీసుకున్న ఫోను

నా పేరు గుబ్బల రమణమ్మ. భర్త పేరు పెద్దిరాజు. వయసు ముప్పై ఎనిమిది. కొత్తపేట దగ్గర పల్లెలో బట్టలు కుడతాను. కానిస్టేబులు విధులకు అడ్డుపడ్డానని నా మీద పెట్టిన కేసులో విచారణాధికారి గారు అడగగా చెబుతున్నాను.

మా చెల్లెలు మాధురి కువైట్‌లో ఒకరింట్లో పని చేస్తోంది. ఆ ఇంటావిడ ఇస్త్రీపెట్టెతో దాని వీపు కాల్చింది. మాధురి ఆ ఫోటోలు నాకు పంపి, తన ఫోనులో చెరిపేసి, "అక్కా, ఎంబసీవాళ్లకి తప్ప ఎవరికీ చూపించకు" అంది. దాని ఫోను ఇంటావిడ చూస్తుంది. నాతో తప్ప ఎవరితోనూ మాట్లాడనివ్వదు. సోమవారం ఇంటివాళ్లు లేనప్పుడు పారిపోవాలనుకుంది. అక్కడి తెలుగువాళ్లు కారు పంపుతామన్నారు. కారు ఎక్కడ ఆగేదీ వాళ్లు నాకు మెసేజ్ పెడితే, నేను ఫోను చేసి మాధురికి చెప్పాలి.

ఆ సోమవారం ఉదయం లైనింగు గుడ్డ కోసం అమలాపురం బస్సెక్కాను. కాలవ వంతెన దగ్గర బస్సు ఆపారు. ఎవరో ఉగ్రవాద అనుమానితుడు ఇటు వచ్చాడని తనిఖీలట. కానిస్టేబులు బుజ్జిబాబు గారు ఎక్కి అందరి ఫోన్లూ అడిగారు. సంచి చూపించాను. ఆధార్ చూపించాను. ఫోను ఎవరు, ఎందుకు, ఎంతవరకు చూస్తారని అడిగాను, చూపించనన్నాను.

మా ఊరి కొబ్బరి వ్యాపారి కాశీవిశ్వనాథం గారు, "చూపించెయ్యమ్మా. సరిహద్దులో జవాన్లు ప్రాణాలిస్తున్నారు, మనం ఫోను ఇవ్వలేమా?" అన్నారు. చాలామంది "ఆయ్, అంతేనండీ" అన్నారు. వెనక సీట్లో చేపలమ్మే వీరాయమ్మ, "దేశం మాది కాదేంటండీ? ఆడమనిషి ఫోను నలుగురిలో చూస్తారా?" అంది. బస్సంతా రెండుగా చీలి అరుచుకున్నారు. ఎందుకు ఇవ్వనంటున్నావని నన్ను ఒక్కరూ అడగలేదు.

అప్పుడే కారు పంపేవాళ్ల కువైట్ నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. బుజ్జిబాబు గారు నా చేతిలోంచి ఫోను తీసుకుని ఫోటోలు తెరిచారు. "ఏంటీ ఒంటి ఫోటోలు?" అని పైకే అన్నారు. అందరూ తొంగి చూశారు. లాక్కోబోయాను. నా గోరు ఆయన చేతిని గీసింది. అది నిజం. కొట్టలేదు.

ఫోను స్టేషన్‌కి తీసుకెళ్లారు. నేనూ వెనకే వెళ్లాను. "మా చెల్లెలి ప్రాణం మీదకొచ్చిందండీ, ఒక్క మెసేజ్ చూడనివ్వండి బాబూ" అన్నాను. "పైవాళ్లు చూడాలమ్మా" అన్నారు. ఎవరు చూస్తారు, ఎందుకు, ఎంతవరకు అని అడిగాను. మళ్లీ అదే అన్నారు. చీకటి పడుతుండగా ఇచ్చి, "ఇందులో ఏమీ లేదు, తీసుకెళ్లు. చెయ్యి గీసినందుకు మాత్రం కేసు ఉంటుంది" అన్నారు.

ఏమీ లేదన్నారు. అందులో వాయిస్ మెసేజ్‌లో మాధురి గొంతు ఉంది. "అక్కా, బయటికొచ్చేసేను. కారెక్కడే? పలకవేంటే?" అంది. అప్పటినుంచి దాని ఫోను మోగడం లేదు. ఎంబసీకి ఫోటోలు పంపాను. ఆ పేరుగల మనిషి తమ దగ్గరికి రాలేదన్నారు.

మర్నాడు కాశీవిశ్వనాథం గారు మా గుమ్మంలోకొచ్చి, "పాపం, నీకలా జరిగింది గానీ, తనిఖీలు ఉండాలమ్మా" అన్నారు. ఉండొద్దని నేనూ అనలేదు. ఎవరు చూడొచ్చు, ఎందుకు చూడొచ్చు, ఎంతవరకు చూడొచ్చు అని బస్సులో అడిగాను. స్టేషన్‌లో అడిగాను. ఇప్పుడూ అడుగుతున్నాను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. మొదట రాసిన కాయితంలో 'ఫోను ఇష్టపూర్వకంగా ఇచ్చాను' అని ఉంది. నేను ఇవ్వలేదు. ఆ ముక్క కొట్టేయించాను. మిగిలింది నేను చెప్పిందే, నిజమే.

(సంతకం)
గుబ్బల రమణమ్మ