పాస్టరు గారు తాగిన పులుపు కాఫీ

"అమ్మమ్మా, దాన్ని అంతసేపు కడగాలా? మిక్సీ కడిగినట్టు కడిగేస్తే పోలా?"

మిక్సీయా! ఆ మాట మీ తాత చెవిన పడిందంటే ఇవాళ నీకు అన్నం ఉండదు బుజ్జీ. అటు జరిగి ఆ జల్లెడ ఇట్టా ఇయ్యి. ఈ కాఫీ మిషను గుంటూరు బస్టాండు దగ్గర హోటల్లోది. మీ తాత వయసంతా దీని ముందు నుంచునే గడిచింది. ఈ పిడి కిందికి లాగి వదిలితే, లోపలి స్ప్రింగు మెల్లగా దాన్ని పైకి తోసిద్ది, గ్లాసులో చిక్కటి డికాషను పడిద్ది. అప్పట్లో కాఫీ మూడు రూపాయలు... కాదులే, టీ మూడు, కాఫీ నాలుగు. తొంభై ఎనిమిదో తొమ్మిదో, హోటలాయన బటన్ల మిషను కొనుక్కుని దీన్ని మీ తాతకిచ్చేశాడు. మిర్చి యార్డులో మిరపకాయ బస్తాలు దించి తిరిగొచ్చే ట్రాక్టరు మీద ప్రత్తిపాడు తెచ్చాడు. మిషనుకంతా మిరప ఘాటే, రెండ్రోజులు ఇంటిల్లిపాదీ తుమ్ములు. "మంచం చోట దీన్ని పెడితే మీరెక్కడ పడుకుంటారండీ" అని అడిగా. నవ్వాడంతే.

ప్రతి శనివారం విప్పుకుని కూర్చునేవాడు. మన బోరు నీళ్ళు తెలుసుగా, బిందెకే తెల్లగా సున్నం పట్టిద్ది, ఇక బాయిలర్ని వదిలిద్దా? నిమ్మ ఉప్పు వేసి కాచేవాడు. వాషర్లు తీసి తుడిచేవాడు. నేను దగ్గరికెళితే చాలు, "నీకు తెలియదు, నువ్వుండు" అని వీధి చివరిదాకా వినపడేట్టు కేక. ఆదివారం చర్చి అయ్యాక పాస్టరు గారు వచ్చి కాఫీ తాగి వెళ్ళేవారు.

తర్వాత నాలుగైదేళ్ళకు మీ తాతకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాటా పోయింది. "మాట వచ్చిద్దమ్మా, ఆయన ప్రయత్నం చెయ్యాలి" అన్నాడు డాక్టరు. చేస్తేగా! గోడకేసి చూస్తా కూర్చునేవాడు. నేనేదో వాగేదాన్ని, మీ అమ్మ చిన్నప్పటి సంగతులన్నీ చెప్పేదాన్ని. ఊఁ అని కూడా అనేవాడు కాదు. అంత కేకలేసే మనిషి నోరు మూసుకుంటే ఇంట్లో భయమేసేది బుజ్జీ, నిజంగా.

మిషనుకి దుమ్ము పట్టింది. నేను వేలు పెడితే ఊరుకోడుగా, ఒక శనివారం అందుకే పెట్టా. తిట్టనీ, తిడితే చాలనుకున్నా. నిమ్మ ఉప్పు ఎక్కడ దాచాడో దొరకలా. ఇత్తడేగా, బిందెలు చింతపండుతోనేగా తోముతాం? కుంకుడుకాయంత... అబ్బే, గుప్పెడు పిసికి బాయిలర్లో పోసి కాచా. ఆయన గుడ్లురిమి చూస్తున్నాడు గానీ నోరు విప్పలా. ఒకసారి నీళ్ళతో తొలిపి, మళ్ళీ నింపి మూసేశా.

మర్నాడు పాస్టరు గారొచ్చారు. రెండు చేతులా పిడి లాగి కాఫీ ఇచ్చా. నా కళ్ళద్దాలు బైబిలు సంచిలోనే ఉండిపోయినాయి, పాలు విరిగిన సంగతి నాకేం కనపడిద్ది! పెద్దమనిషి, మొహం కూడా చిట్లించలా. మెల్లగా గుటక మింగి, "చారు బాగుందమ్మా, ఇంగువొకటే తక్కువ" అన్నారు.

మీ తాత కుర్చీలోంచి ఏదో శబ్దం. ఊపిరాడటం లేదేమోనని పరిగెత్తా. నవ్వుతున్నాడే! మూతి ఒక పక్కకి పోయి, కళ్ళెంబడి నీళ్ళు కారుతా నవ్వుతున్నాడు. ఆ నవ్వులోనే ముద్దముద్దగా, "మూడుసార్లు... మూడుసార్లు కడగాలే, బుద్ధి లేనిదానా!" అన్నాడు.

నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చా. పాస్టరు గారు గ్లాసు చేత్తో పట్టుకునే ప్రార్థన మొదలెట్టారు.

ఇక అప్పట్నించీ చెయ్యి నాది, నోరు ఆయనది. అదిగో, విన్నావా? "మూడోసారి పోశావా" అంట. పోశాను, నువ్వు చూశావుగా. ష్, చెప్పమాక. ఇంకో రెండుసార్లు అరవనీ. నువ్వు చల్లగుండాలి తల్లీ, నీకూ ఇట్టా అరిచేవాడే దొరకాలి... ఆఁ, ఆఁ, వినపడిందండీ! పోయలా, ఇంకా పోయలా...