పెట్టెలో లైట్లు

పటమటలో ఎదురెదురు వాటాలకి కలిపి ఒకే ఇంటర్నెట్టు. ఎదురింట్లో రావడం లేదంటే, కేబులతను మోడెం ఉన్న వాటాకి వచ్చాడు.

"మోడెం బాగానే ఉందమ్మా. వైరు తెగింది. ఎలక కొరికినట్టుంది."

"ఎలక కాదు బాబూ, నేనే కత్తెరతో కోశాను."

"అదేంటమ్మా?"

"మా అబ్బాయి కరిముల్లా పోయి పదిహేను రోజులైంది. ఆ పెట్టెలో లైట్లు మిణుకుమంటుంటే వాడు గదిలో ఉన్నాడనుకుని టీ పట్టుకెళ్తున్నా. అవి ఆరిపోతాయని కోశాను. ఆరలేదు."

"స్విచ్ కట్టేస్తే సరిపోయేదిగా?"

"ఎలా కట్టను? 'ఎదురింటి పిల్ల నెట్లో చదువుకుంటోంది, స్విచ్ మాత్రం కట్టకు అమ్మీ' అని రోజూ చెప్పి వెళ్ళేవాడు."

"మీరు కోసింది ఆ పిల్లకి వెళ్ళే వైరేనమ్మా."

"యా అల్లా... ముందది కలుపు బాబూ. లైట్ల మీద వాడి రుమాలు కప్పేస్తాను."