కల్తీ లేని బండి

పార్కు ముందు సిమెంటు దిమ్మె మీద కూర్చోబెట్టిన నాలుగు చక్రాల బండేనా నువ్వడిగేది? లావు టైర్లది? దాని కింద బోర్డు చదివావా తల్లీ, ‘కల్తీ లేని పెట్రోలుతో తొమ్మిదేళ్ళు నడిచిన బండి’ అని? చదివావుగా. ఆ బోర్డు మీద అప్పటి మునిసిపల్ చైర్మన్ పేరుంది, రంగులేసినవాడి పేరు కూడా ఓ మూల ఉంది. బండిని బతికించిన చెవి మేస్త్రి ఊసు మాత్రం లేదు. కూర్చో. ఆ స్టూలు కాదు, దానికో కాలు కుంటి. ఇటు కూర్చో, చెప్తా.

చెవి మేస్త్రి అంటే చెవులు పెద్దవని కాదు. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. డాక్టరు గుండె చూసినట్టు. “బావా, దీనికి దగ్గు” అనేవాడు, ఇంకోదానికి “ఇది అలిగింది” అనేవాడు. నన్ను బావా అనేవాడు గానీ చుట్టరికమేం లేదు. ఆయన షెడ్డుకి ఎదురుగా బంకులో నేను పెట్రోలు పోసేవాణ్ణి, మధ్యలో రోడ్డు, అదే చుట్టరికం. ఒక్కటే లోపం మనిషికి, అబద్ధం రాదు. నోరు తిరగదు. వాళ్ళావిడ అనేది, “అన్నయ్యా, ఈ పూట కూర ఎలా ఉందని అడిగాను, నాదే బుద్ధి తక్కువ” అని. ఆవిడ నోరు మాత్రం... సరే, దాని సంగతి తర్వాత.

అప్పుడే చైర్మన్ కొత్తగా గెలిచాడు. దేని మీద గెలిచాడు? కల్తీ మీద. పాలల్లో కల్తీ, నూనెలో కల్తీ, కారంలో ఇటుకపొడి, అందరి తాట తీస్తానన్నాడు. గెలిచాక సందుల్లో తిరిగి కొట్లు తనిఖీ చెయ్యాలిగా, జీపు పట్టదు, అందుకని ఈ నాలుగు చక్రాల బండి తెప్పించుకున్నాడు. టూ స్ట్రోకు. అంటే తెలుసా నీకు? ఇప్పటి బండ్లలాగా దానికి నూనె వేరే చోట ఉండదు తల్లీ. పెట్రోల్లోనే కలపాలి. ఆ నూనే లోపల పిస్టనుకి ప్రాణం. అప్పట్లో ఊళ్ళో సగం స్కూటర్లు అలాంటివే, అందరికీ తెలుసు. ఆయనకే తెలీదు, పుట్టిన దగ్గర్నుంచీ వెనక సీటు మనిషి. మేస్త్రి వెళ్ళి చేతులు కట్టుకుని, “అయ్యా, పెట్రోల్లో కాస్త నూనె కలపాలండి” అన్నాడు. కలపాలి అన్నాడు చూడు, ఆ మాటతో వచ్చింది తంటా అంతా. చైర్మన్ మొహం జేవురించింది. “ఏమయ్యా, కల్తీ చేసినవాణ్ణి లోపలేయిస్తానని ఓట్లడిగినవాణ్ణి, నా బండిలోనే కల్తీ చెయ్యమంటావా” అన్నాడు. పక్కనున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టాక ఇంకేముంది, అది చట్టమే.

మూడో రోజుకి పట్టేసింది. ఇంజను పట్టేయడమంటే, పిస్టను వేడికి ఉబ్బి, పొడి గోడకి రాసుకుని, కరుచుకుపోతుంది. బజారు మధ్యలో, చైర్మన్ జనానికి చెయ్యి ఊపుతూ ఉండగా, కీచుమని నిలబడిపోయింది. ఆయన చెయ్యి మాత్రం ఇంకా ఊగుతూనే ఉంది పాపం. పాలాయనా కారంకొట్టాయనా కలిసి తోశారు దాన్ని షెడ్డు దాకా. ఎంత ఆనందంగా తోశారో.

చైర్మన్ వచ్చాడు. షెడ్డు మునిసిపాలిటీ స్థలంలోది, అందరికీ తెలుసు, ఆయనకింకా బాగా తెలుసు. “సోమవారం ఊరేగింపు. బండి నడవాలి. నడవకపోతే షెడ్డుకి తాళం. చుక్క నూనె కలిపినా తాళం” అని, కాపలాకి బంట్రోతుని కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. కుర్చీ కూడా మేస్త్రిదే అనుకో.

అప్పుడు చూడాలి ఆయన పని. ముందు హెడ్డు, అంటే ఇంజను పై మూత, దాని బోల్టులు, ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల, ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేశాడు. వరసగా విప్పితే హెడ్డు వంకరపోతుందిట. సిలిండరు మెల్లగా పైకి లాగాడు, లాగీ లాగగానే కింద నోట్లో ఉతికిన గుడ్డ కుక్కాడు, చిన్న క్లిప్పు జారిపడితే మొత్తం ఇంజను విప్పాలిగా. బంట్రోతు రాసుకున్నాడు, ‘ఇంజను నోట్లో గుడ్డ కుక్కబడినది’ అని. పిస్టను బయటికి తీస్తే ఏముంది, పిల్లి రక్కినట్టు గీతలు. సిలిండరు పట్నం పంపి ఒక సైజు పెద్దగా కోయించి, కొత్త పిస్టనూ రింగులూ తెప్పించాడు. పిస్టను నెత్తి మీద బాణం గుర్తుంటుంది. అది పొగ పోయే వైపు ఉండాలి. ఆ బండికి పొగ గొట్టం ముందు వైపు మొదలవుతుంది. చైర్మన్ వంగి చూసి, “శభాష్, బాణం ముందుకే చూస్తోంది, మన ఊరిలాగా” అన్నాడు. మేస్త్రికి అబద్ధం రాదు కదా, “పొగ పోయే దారి చూస్తోందండి” అన్నాడు. వాళ్ళావిడ వెనకాల్నుంచి “మన ఊరిలాగానే” అంది. చెప్పాగా ఆవిడ నోరు. ఇంకోటి కూడా అంది, “అయ్యగారూ, సాయంత్రం మీ గ్లాసులో సోడా కలిపేవాణ్ణి ఎప్పుడు లోపలేయిస్తారు” అని. ఆయనకి వినపడలేదు. వినపడనట్టు నిలబడ్డాడు.

ఆదివారానికి బిగించేశాడు. మర్నాడు పొద్దున్నే మేస్త్రి బంకు దగ్గరికొచ్చాడు, చేతిలో నూనె డబ్బా. నాతో కాదు, పెట్రోలు పైపుతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు. “కొత్త రింగులు. ముందు రెండు క్యాన్లకీ లీటరుకి మూడు మూతలు పడాలి, తర్వాత రెండు చాలు. నేను కలపకూడదు. కలిపితే అడుగుతారు, అడిగితే చెప్పేస్తాను.” అని, డబ్బా నా కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు. కేకేశా, “బావా, డబ్బా మర్చిపోయావ్” అని. తిరక్కుండానే, “అవును, మర్చిపోయాను” అన్నాడు. ఆయన జీవితంలో చెప్పిన అబద్ధం అదొక్కటే అనుకుంటా. చైర్మన్ బండికి పెట్రోలు పట్టుకెళ్ళే క్యాను రాగానే అడుగున మూతలు పోసి పైన పెట్రోలు కొట్టా. ఇక ప్రతి సోమవారం ఆయన ఓ డబ్బా మర్చిపోతాడు, నేనో క్యాను కొడతా.

బండి గుర్రంలా పరిగెత్తింది. నీలంగా పొగ, నూనె కాలితే వచ్చేదే. “చూశారా, కల్తీ లేని పొగ, ఆకాశం రంగు” అని మైకులో చెప్పాడు చైర్మన్. అక్కడితో ఊరుకుంటే బాగుండు. పెట్రోల్లో నూనె కలపడం నేరమని బంకుకి బోర్డు కట్టించాడు. బంకు ఎవరిది? ఆయన బావమరిదిదే. జనం నమ్మారమ్మా. కళ్ళముందు నడుస్తోంటే నమ్మరా? నూనె మానేశారు. నా చేత్తోనే పోశా అందరికీ ఉత్త పెట్రోలు. ఒక్కరికైనా చెప్పొచ్చు. చెప్తే నా ఉద్యోగం... ఇంట్లో నలుగురు పిల్లలు అప్పటికి, మీ అమ్మ చంకలో ఉంది.

నెలలో ఇరవై స్కూటర్లు పట్టేశాయి. అన్నీ తోసుకుంటూ ఆ షెడ్డుకే. ముందు బాగానే ఉన్నారు, తర్వాత మొదలైంది గుసగుస. పెద్దవాడి బండికి మంచి రింగులేశాడు, మనకి నాసిరకం అంటగట్టాడని. మేస్త్రి సామాన్లు కల్తీ అన్నారు. ఆ మాట అన్నారు తల్లీ ఆయన్ని. ఓ పొద్దున అందరూ షెడ్డు ముందు పోగయ్యారు, పంతులుగారూ పాలాయనా అందరూ. చైర్మన్ అదే బండి మీద వచ్చి దిగాడు. “అందరి ముందూ చెప్పు. నా బండికి వేరేగా ఏమైనా కలిపావా?” అన్నాడు.

అవునంటే పేరు నిలబడేది. షెడ్డు పోతే పోయేది, పేరు నిలబడేది. కానీ వెంటనే అడుగుతారుగా, ఎవరు పోశారని.

“నా చేత్తో చుక్క కూడా కలపలేదండి” అన్నాడు. నిజమే కదా. తర్వాత వారానికి ఆయనే తాళం వేసి, తాళంచెవి బంట్రోతుకిచ్చి, పెళ్ళాం చెయ్యి పట్టుకుని బస్సెక్కేశాడు. పోయాడని రెండేళ్ళకి కబురొచ్చింది. ఆయన బస్సెక్కిన రోజు చూస్తే, మిగిలిన నూనె డబ్బాలన్నీ నా కిటికీ కింద వరసగా పెట్టి ఉన్నాయి. తొమ్మిదేళ్ళూ పోశా నేను, ఆ తర్వాత కొనుక్కొచ్చి మరీ.

ఆ రోజు నేను రోడ్డుకి ఇవతల, పైపు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నా. అంతమంది మధ్యలోంచి ఒక్కసారి ఇటు చూస్తాడేమో అనుకున్నా. చూడలేదు. ఆయన చూస్తే అందరూ చూస్తారని...

నీ బండి ఎండలో పెట్టావేంటి? సీటు కాలిపోద్ది, పో, నీడలోకి లాగు.