ఎదుటి కొట్టు బోణీ

బట్టల కొట్లో గల్లాపెట్టె దగ్గర భర్త, చీరలు మడతపెడుతూ భార్య. నిన్నటిదాకా ఇదే కొట్లో పనిచేసిన ఆమె తమ్ముడు ఇవాళ ఎదురుగా సొంత కొట్టు తెరిచాడు.

“చూశారా, మావాడికి అప్పుడే బేరం తగిలింది!”

“చూశాను. నాకు ముదిత కలిగింది.”

“అదేం జబ్బండీ?”

“జబ్బు కాదే, బౌద్ధశాస్త్రంలో మాట. ఎదుటివాడి సుఖం చూసి మనకు కలిగే సంతోషం. అందరికీ పట్టుబడదు.”

“మీకెప్పుడు పట్టుబడింది?”

“పొద్దున వాడు రిబ్బను కత్తిరిస్తుంటే.”

“మంచిది. అయితే ఆ నీలం తాను ఇలా ఇవ్వండి. వాడి దగ్గర ఆ రంగు లేదట. కొనే ఆవిడ కూర్చుని ఉందని ఫోన్ చేశాడు.”

“నీలం అయిపోయింది.”

“మీ వెనకాలే ఉంది కదండీ!”

“అది వేరేవాళ్ళకి చెప్పి ఉంచింది.”

“ఎవరికి?”

“వస్తారు, ఎవరో ఒకరు.”

“ఒకరి దగ్గర లేని రంగు ఇంకొకరు సర్దడం ఈ వీధిలో అందరూ చేసేదే. బోణీ బేరమే పోతే వాడికి సుఖమెక్కడిది? మరి మీ ముదిత ఏం కావాలి?”

“పోతే పోనీ. కష్టంలో ఉన్నవాళ్ళ మీద కరుణ చూపమని కూడా అదే శాస్త్రంలో ఉంది. నాకది ఇంకా బాగా వచ్చు.”